షాపు షట్టర్ ఫోటో పంపి "కాలబెడ్త" అంటున్నారు, ఎవరో ఎట్లా కనిపెట్టాలి?

డిండి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ పక్కన ఊరు. నేను హైదరాబాద్‌లో పని చేస్తాను, అన్న, వదినె దేవరకొండలోనే ఉంటారు. వదినె మగ్గం వర్క్, బ్లౌజులు కుట్టే షాపు పెట్టి మూడేళ్లయింది. చేసిన డిజైన్లు ఇన్‌స్టాలో పెడుతుంది, సగం ఆర్డర్లు దాని నుంచే వస్తాయి.

పందొమ్మిది రోజుల కింద ఒక ఖాతా నుంచి మెసేజ్ వచ్చింది. పేరు లేదు, ఫోటో లేదు, ఏవో అక్షరాలూ అంకెలూ. "నీ షాపు ఎన్ని దినాలు నడుస్తదో జూస్త" అని. వదినె పట్టించుకోకుండా బ్లాక్ చేసింది. మూడో రోజు ఇంకో ఖాతా నుంచి ఆమె నడవడి మీద పాడు మాటలు, ఇక్కడ రాయలేను. మొన్న శుక్రవారం రాత్రి 11:40కి షాపు షట్టర్ ఫోటో పంపి, కింద "కాలబెడ్త" అని ఒక్క మాట.

ఆ ఫోటో చూసినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు. షట్టర్‌కు రెండు తాళాలు, ఏది ఏ వైపుదో గుర్తుకు వదినె ఎడమ తాళానికి ఎర్ర దారం కట్టుకుంది. ఆ దారం ముడి కూడా కనిపించేంత దగ్గరికొచ్చి తీశారు. పైన బతుకమ్మ ఆఫర్ ఫ్లెక్సీ కూడా ఫోటోలో పడింది. దాన్ని మేము కట్టిందే గురువారం సాయంత్రం. అంటే గురువారం రాత్రి షాపు మూశాక, శుక్రవారం రాత్రి ఆ మెసేజ్ వచ్చేలోపు తీసిన ఫోటో అది. తీసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు.

పండగ సీజన్‌లో వదినె సాయంత్రం ఆరింటికే షాపు మూసేస్తోంది. అన్న రాత్రి రెండుసార్లు బండి వేసుకొని పోయి షాపు చూసి వస్తున్నాడు.

ఇప్పటిదాకా నేను చేసింది ఇదీ. నెట్‌లో చూసి ఒక లింక్ తయారుచేసి ఆ ఖాతాకు పంపాను, అవతల నొక్కారు, ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు) దొరికింది. ఒక సైటులో పెడితే హైదరాబాద్ అంటోంది, ఇంకోదాంట్లో ముంబై అంటోంది. టెలిగ్రామ్‌లో ఒకాయన ఆరు వేలు ఇస్తే పేరు, నంబరు, లొకేషన్ మొత్తం తీసిస్తానంటున్నాడు, సగం ముందే పంపాలంట. పంపాలా?

అసలు టెన్షన్ ఇంకొకటి. వదినె దగ్గర ఏడాది పనిచేసి, జీతం దగ్గర మాట పట్టింపు వచ్చి మానేసిన అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి తమ్ముడి మీద అన్నకు గట్టి అనుమానం. "జూస్త" అనే ఆ మాట తీరు వాడిదే అంటున్నాడు. ఆదివారం నలుగురిని వెంటబెట్టుకొని వాళ్లింటికి పోతానని కూర్చున్నాడు. స్టేషన్‌కు పోదామంటే ఆడమనిషి పేరు బయట పడుతుందని అమ్మ ఒప్పుకోవడం లేదు. తెలిసినవాళ్లు కొంచెం తొందరగా చెప్పండి.

ఫైబర్_జడ్చర్ల:

తమ్ముడూ, ఆ ఆరు వేలు ఇవ్వకు. నాది జడ్చర్లలో కేబుల్ నెట్, పన్నెండేళ్ల నుంచి ఇదే పని. ఐపీ చూసి పేరు, నంబరు చెప్పగలిగేది ఆ ఐపీ ఇచ్చిన కంపెనీ ఒక్కటే, అది కూడా పోలీసులు రాతపూర్వకంగా అడిగితేనో, కోర్టు అడిగితేనో. టెలిగ్రామ్‌లో కూర్చున్నవాడి చేతిలో ఏమీ లేదు. డబ్బు తీసుకొని మాయమైతే ఆరు వేలతో పోయింది అనుకోవచ్చు. ఏదో ఒక పేరు చెప్పాడనుకో, అదీ అసలు ప్రమాదం. మీ అన్న మనసులో ఇప్పటికే ఒక పేరు ఉంది. "ఎవరి మీదైనా డౌట్ ఉందా" అని నాలుగు మాటలు కలిపి ఆ పేరు మీ నోటి నుంచే లాగి, మళ్లీ మీకే అమ్ముతాడు.

హైదరాబాద్, ముంబై అని చూపించినదాన్ని వదిలెయ్. ఆ సైట్లు చెప్పేది మనిషి ఉన్న చోటు కాదు, ఆ ఐపీ ఏ కంపెనీది, ఆ కంపెనీ ఏ ఊరి పేరు మీద నమోదు చేసుకుంది అన్న లెక్క. దేవరకొండలో మొబైల్ డేటా వాడినా, మా జడ్చర్లలో వాడినా ఆ ట్రాఫిక్ ఎక్కడో పెద్ద సిటీలో బయటికి పోతుంది, సైటు ఆ సిటీ పేరు చూపిస్తుంది.

ఇంకో సంగతి. ఐపీ దొరికింది అంటే మనిషి దొరికినట్టు అనుకుంటారు అందరూ. నా దగ్గర పబ్లిక్ ఐపీలు కొన్నే ఉన్నాయి, కనెక్షన్లు చాలా ఎక్కువ. అందుకని ఒక్కో ఐపీ మీద నలభై, యాభై ఇళ్లు నడుస్తాయి. మొబైల్ కంపెనీల్లో అయితే ఇంకా ఎక్కువ మంది. బయట నుంచి చూస్తే అందరిదీ ఒకటే అడ్రస్, పెద్ద అపార్ట్‌మెంట్‌కు ఒకటే డోర్ నంబర్ ఉన్నట్టు. లోపల ఏ ఇల్లో తేలాలంటే పోర్ట్ నంబర్ (ఒకే ఐపీ మీద ఉన్న కనెక్షన్లను వేరుచేసే నంబరు) కావాలి, సెకన్లతో సహా టైము కావాలి. (కొత్త రకం, ఐపీవీ6 అడ్రస్ అయితే ఈ బాధ చాలావరకు ఉండదు, మొబైల్ నెట్‌వర్క్‌లలో అది బాగా పెరిగింది.)

రెండేళ్ల కింద మాకు ఒక స్టేషన్ నుంచి లెటర్ వచ్చింది. ఐపీ ఉంది, తేదీ ఉంది, టైము 16:45 అని ఉంది, పోర్ట్ లేదు. మా కుర్రాడు సాయంత్రం 4:45 లాగ్ (ఎవరు ఎప్పుడు వాడారన్న రికార్డు) తీసి ప్రింట్ కొట్టబోయాడు. ఆ టైములో ఆ ఐపీ మీద గట్టిగా వాడుతున్న కనెక్షన్ ఒక రిటైర్డ్ టీచరమ్మది. నేను ఆపి, ఇది మన టైమా, యూటీసీనా (ప్రపంచమంతా లెక్కకు వాడే టైము) అని మళ్లీ రాసి అడిగాను. యూటీసీ. దానికి ఐదున్నర గంటలు కలిపితే రాత్రి 10:15 అవుతుంది. ఆమె తొమ్మిదికే రౌటర్ ఆపి పడుకునే మనిషి. ఆ ప్రింట్ అట్లాగే పోయి ఉంటే ఆ టీచరమ్మ ఇంటి ముందు పోలీసు బండి ఆగేది. మీ మెసేజ్ రాత్రి 11:40 కదా, యూటీసీ లెక్కలో అది 18:10. ఫిర్యాదులో "భారత కాలమానం ప్రకారం" అని కచ్చితంగా రాయండి.

ఆ లాగ్ రికార్డులు మేము రెండేళ్లు ఉంచాలి, 2021 డిసెంబర్‌లో లైసెన్సు నిబంధన అట్లా మార్చారు, అంతకు ముందు ఏడాదే. కాబట్టి మా వైపు నుంచి తొందర లేదు. ఇన్‌స్టా వైపు నుంచి తొందర ఉంది. అవతలివాళ్లు "అన్‌సెండ్" కొడితే మెసేజ్ వదినె ఫోన్లో కూడా మాయమవుతుంది. ఈ రాత్రే ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి, వదినె ఫోన్ తెరిచి, ఆ ఖాతా ప్రొఫైల్‌లోకి పోయి, యూజర్ నేమ్, "అబౌట్ దిస్ అకౌంట్" పేజీ, మెసేజ్‌లు, వాటి టైము, అన్నీ ఒకే వరుసలో. ప్రొఫైల్ లింక్ కాపీ చేసి రాసి పెట్టుకోండి. ఇంక ఆ ఖాతాకు లింకులు పంపకు, మీరు వెతుకుతున్నారని అవతల తెలిసిపోయింది ఇప్పటికే.

నకిరేకల్_నిమ్మతోట:

అన్నా ఇంత ఎందుకు, ఖాతా పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి అందరినీ రిపోర్ట్ కొట్టమను. రెండు వందల మంది కొడితే ఖాతా ఎగిరిపోతుంది. ఊళ్లో కూడా తెలుస్తుంది, ఆ మనిషి భయపడతాడు.

ఫైబర్_జడ్చర్ల:

తమ్ముడూ నీ మనసు మంచిదే కానీ ఇప్పుడు అట్లా చేయొద్దు. ఖాతా ఎగిరిపోతే పది నిమిషాల్లో ఇంకోటి తెరుస్తారు. వీళ్లకు ఇప్పటికే రెండు ఖాతాల నుంచి వచ్చాయి కదా. ముందు సాక్ష్యం దాచి, ఫిర్యాదు ఇచ్చి, ఆ తర్వాత వదినె ఒక్కతే రిపోర్ట్ కొడితే చాలు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం తీసేసిన పోస్టుల, ఖాతాల సమాచారం కంపెనీ 180 రోజులు దాచి ఉంచాలి, కానీ దాన్ని అడిగేవాళ్లు ఒకళ్లు ఉండాలి కదా. ఇంక గ్రూపుల్లో పెడితే ఆ పాడు మాటలు ఊరంతా చదువుతుంది. ఆ తల్లికి కావలసింది అది కాదు.

వనపర్తి_అక్క:

తమ్ముడూ, చట్టం గురించి నాకు పెద్దగా తెలియదు. మీ అన్న ఆదివారం పోతా అంటున్నాడు చూడు, దాని కోసమే రాస్తున్నాను. ఇది ఆయనకు చదివి వినిపించు.

ఆరేళ్ల కింద మా చెల్లె పెళ్లి కుదిరినప్పుడు అబ్బాయి వాళ్లకు మెసేజ్‌లు పోయాయి. అమ్మాయికి వేరే సంబంధం ఉంది, పెళ్లి చేసుకుంటే మండపం దగ్గరే గొడవ చేస్తా అని. మా ఇంట్లో అందరి చూపూ మా మేనమామ కొడుకు మీద పడింది. చెల్లెను అతనికి చేయమని మామ రెండుసార్లు అడిగాడు, నాన్న ఒప్పుకోలేదు, అంతే కారణం. ఎవరికీ ఇంకో ఆలోచనే రాలేదు. మెసేజ్‌లో చెల్లెను ఇంట్లో పిలిచే ముద్దు పేరుతో రాశారు, ఆ పేరు మా వాళ్లకు తప్ప ఎవరికి తెలుస్తుంది అన్నాడు నాన్న. మామను, కొడుకును పిలిపించి వాకిట్లో కూర్చోబెట్టి అడగరాని మాటలు అడిగారు. మా చిన్నాన్న ఆ పిల్లవాడి ఫోన్ లాక్కొని చెంప మీద కొట్టాడు. అమ్మ ఇచ్చిన చాయ్ మామ ముందు అట్లాగే చల్లారిపోయింది. పోయేటప్పుడు ఒక్క మాట కూడా అనలేదు మామ.

అబ్బాయి వాళ్లే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. నాలుగు నెలలు పట్టింది. చివరికి తేలింది, చెల్లె హాస్టల్‌లో పక్క రూములో ఉండిన అమ్మాయి. ముద్దు పేరు ఎట్లా తెలిసిందంటే, అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా స్పీకర్లో వినేది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియాలి.

పెళ్లి అయితే అయింది. పెళ్లికూతురిని గంపలో తెచ్చేది మేనమామ కదా, మామ రాలేదు. దూరపు చుట్టం ఒకాయన తెచ్చాడు. నాన్న తర్వాత రెండుసార్లు వాళ్లింటికి పోయాడు, తలుపు తీశారు, కూర్చోమన్నారు, అంతే. ఇప్పటికీ అంతే.

"జూస్త" అన్న మాట పట్టుకొని మనిషిని తేల్చొద్దు. మీ జిల్లాలో, మా జిల్లాలో అందరం అట్లాగే మాట్లాడతాం. ఒకరి మీదికి తోయాలనుకున్నవాళ్లు వాళ్ల మాటలాగే రాస్తారు కూడా.

కోర్టుమెట్లు_నల్లగొండ:

నేను నల్లగొండ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. వనపర్తి అక్క చెప్పిన దానికి చట్టం వైపు నుంచి ఒక మాట కలుపుతాను. మీ అన్న నలుగురిని తీసుకొని పోతే తనతో కలిపి ఐదుగురు. ఐదుగురు కలిసి ఒకరి ఇంటి మీదికి బెదిరించడానికి పోతే అది చట్టవిరుద్ధమైన గుంపు, భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 189. ఇంట్లోకి దూరితే 329. రేపు అసలు నిందితుడు దొరికినా, మీ అన్న ఇంకో కేసులో వాయిదాలకు తిరుగుతూ ఉంటాడు. ఆ మెసేజ్‌లు పెట్టిన మనిషికి కావలసింది కూడా అదే కావచ్చు.

ఇప్పుడు మీ కేసు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. బెదిరింపు 351. మామూలు బెదిరింపుకు రెండేళ్ల వరకు శిక్ష. చంపుతాననడం, ఆస్తిని నిప్పు పెట్టి తగలబెడతాననడం, ఆడమనిషి శీలం మీద నింద వేస్తాననడం, ఇవి 351(3), ఏడేళ్ల వరకు. మీ వదినెకు వచ్చిన "కాలబెడ్త" నేరుగా అందులోకి వస్తుంది. పేరు దాచి, ఎవరో తెలియకుండా జాగ్రత్తపడి బెదిరిస్తే 351(4), దానికి ఇంకో రెండేళ్ల వరకు అదనం. అంటే పేరు లేని ఖాతా నుంచి చేయడాన్నే చట్టం ఇంకొంత తప్పుగా చూస్తుంది, చాలామందికి ఇది తెలియదు. బెదిరింపు సెక్షన్ ఒక్కటే అయితే ముందు మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలని స్టేషన్లో అనవచ్చు. అందుకని జరిగింది మొత్తం రాయండి, బ్లాక్ చేశాక ఇంకో ఖాతాతో రావడం, షాపు దగ్గరికి వచ్చి ఫోటో తీయడం, పాడు మాటలు. ఆడవాళ్లను వెంటాడడం 78 కిందికి వస్తుంది, బూతు రాతలకు ఐటీ చట్టంలో 67 ఉంది. ఏ సెక్షన్ పెట్టాలో పోలీసులు చూసుకుంటారు, మీరు సంగతులు దాచకుండా రాస్తే చాలు. ఒకవేళ ఎక్కడైనా ఐటీ చట్టం 66ఏ అని రాస్తే అది చెల్లదని చెప్పండి, సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది.

ఫిర్యాదు వదినె పేరు మీద, వదినె సంతకంతో ఉండాలి. 78 లాంటి నేరాల్లో ఆమె చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలి, అది అడిగి తీసుకోండి. మీ అమ్మగారి భయం గురించి. ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడే సున్నితమైన కేసులకు మినహాయింపు ఇచ్చింది, ఆ నిర్ణయం డీఎస్పీ స్థాయి అధికారి తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో పెట్టవద్దని ఫిర్యాదుతో పాటే ఒక కాగితం రాసి ఇవ్వండి.

అనుమానం ఉన్నవాళ్లు ఎవరని అడుగుతారు. మానేసిన అమ్మాయి సంగతి చెప్పండి, గొడవ ఏమిటో చెప్పండి, అక్కడితో ఆపండి. "ఫలానా వాడే చేశాడు" అని రాయొద్దు. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి రాతలో పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు, నాగరిక్ సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ 173(4). ఫిర్యాదు ఇచ్చిన 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో మీకు చెప్పాల్సిన బాధ్యత కూడా వాళ్లకు ఉంది.

వదినె ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు, పండగ ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ అని మార్చొద్దు. స్క్రీన్‌షాట్ ప్రింట్లు కోర్టులో నిలబడాలంటే సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఉండాలి, దానికి ఆ ఫోనే మూలం.

డిండి_గట్టు:

అందరికీ ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. వనపర్తి అక్క రాసింది అన్నకు ఫోన్‌లో మొత్తం చదివాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, ఆదివారం పోను" అన్నాడు. అదొక్కటి చాలు నాకు ఇప్పటికి.

రెండు సంగతులు అడగాలి. అవతలివాళ్లు వీపీఎన్ (అసలు ఐపీ కనిపించకుండా దాచేది) పెట్టుకొని చేస్తే దొరకరా? నేను పంపిన లింక్‌కు వచ్చిన ఐపీ అసలుదో కాదో కూడా తెలియదు. ఇంకోటి, ఆ ఫోటోలో లొకేషన్, ఫోన్ మోడల్ లాంటివి దాగి ఉంటాయంటారు కదా, దాన్ని తీయొచ్చా?

మెట్టుగడ్డ_పెద్దాయన:

బాబూ, నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను, మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాను. చివరి నాలుగేళ్లు ఇట్లాంటి కేసుల కాగితాల పనే చేశాను.

ఫోటో సంగతి. ఇన్‌స్టాలో పంపితే ఆ దాగి ఉండే వివరాలు పోతాయి, వాట్సాప్‌లో ఫోటోగా పంపినా అంతే. దాని మీద టైము వృథా చేయొద్దు. ఆ ఫోటోలో నీకు కనిపించిన ఎర్ర దారం, ఫ్లెక్సీ, అవే పెద్ద సాక్ష్యం. నువ్వే చెప్పావు, గురువారం సాయంత్రం ఫ్లెక్సీ కట్టారు, శుక్రవారం రాత్రి 11:40కి ఫోటో వచ్చింది. షట్టర్ మూసి ఉన్న గంటలు లెక్కపెట్టు. గురువారం రాత్రి షాపు మూసినప్పటి నుంచి శుక్రవారం పొద్దున తెరిచేదాకా, మళ్లీ శుక్రవారం షాపు మూసినప్పటి నుంచి రాత్రి 11:40 దాకా. అంతే టైము. ఎదురుగా ఏ షాపు ఉంది? సీసీ కెమెరా ఉందా? ఇప్పుడే పోయి చూడండి, రేపు కాదు. చిన్న షాపుల డీవీఆర్‌లో (కెమెరా రికార్డింగ్ బాక్స్) హార్డ్ డిస్క్ నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది, కొన్నింట్లో పది, పదిహేను రోజులే ఉంటుంది. పోలీసుల "నేను సైతం" పథకం కింద పెట్టిన కెమెరాలు వీధిలో ఉంటే వాటి సంగతి స్టేషన్లోనే తెలుస్తుంది. షాపు యజమానితో మంచిగా మాట్లాడి ఆ రెండు రాత్రులది చెరిగిపోకుండా ఆపమని చెప్పండి. మీరు మీరే ఫోన్‌లో తీసుకొని గ్రూపుల్లో తిప్పొద్దు, పోలీసులు వచ్చి తీసుకోవాలి. నెట్‌లో ముసుగు వేసుకున్నవాళ్లు కూడా షట్టర్ ముందు నిలబడాలంటే కాళ్ల మీద నడిచి రావాల్సిందే కదా.

వీపీఎన్ ఉంటే కష్టం అవుతుంది, దొరకరు అని మాత్రం కాదు. పోలీసులు కంపెనీని అడిగేది ఒక్క మెసేజ్ ఐపీ కాదు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరో, ఈమెయిలో, తెరిచిన తేదీ, లాగిన్ అయిన ఐపీలు, టైములు అడుగుతారు. నెల రోజుల లాగిన్లలో ఒక్కసారి వీపీఎన్ ఆన్ చేయడం మర్చిపోతే చాలు. 2025 జూన్‌లో అహ్మదాబాద్ పోలీసులు పట్టుకున్న కేసు పేపర్లలో వచ్చింది, చెన్నైలో ఉద్యోగం చేసే ఇంజినీర్, వీపీఎన్‌లు, నకిలీ ఈమెయిళ్లు వాడి స్టేడియానికి, స్కూళ్లకు బాంబు బెదిరింపులు పంపిందని, తనను కాదన్న మనిషిని ఇరికించడానికే అతని పేరు వాడిందని పోలీసులు చెప్పారు. నకిలీ ఖాతా, సొంత ఖాతా ఒకే ఫోన్లాంటి పరికరంలో తెరిచిన చిన్న పొరపాటుతో దొరికిందన్నారు. అంతకు ముందు, 2024 అక్టోబర్‌లో విమానాలకు వచ్చిన బెదిరింపుల్లో కూడా ఒక ఖాతా వేరే పిల్లవాడి పేరు మీద ఉంది, ముంబై పోలీసులు ఛత్తీస్‌గఢ్‌లో అదుపులోకి తీసుకున్నది అతని స్నేహితుడిని, డబ్బుల దగ్గర గొడవ. ఖాతా మీద ఉన్న పేరు పట్టుకొని పోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

ఫిర్యాదు ఇవ్వగానే ఖాతా రికార్డులు దాచిపెట్టమని కంపెనీకి ముందుగా ఒక రిక్వెస్ట్ పంపమని దర్యాప్తు అధికారిని అడగండి. ఇన్‌స్టా కంపెనీ మెటా అట్లా అడిగితే 90 రోజులు పక్కన పెడుతుంది, ఆలోపు సరైన కాగితం పోవాలి. ఇది అడగడానికి మొహమాటపడొద్దు, స్టేషన్లో వందల పనులుంటాయి, ఈ ఒక్క పని మర్చిపోతే కేసు అక్కడే ఆగుతుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో కూడా పెట్టండి, పేరు లేకుండా పెట్టే వీలు అక్కడ ఉంది కానీ మీరు నంబరుతో లాగిన్ అయి పెట్టండి, అప్పుడే ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. 1930 ముఖ్యంగా డబ్బు పోయిన కేసులకు. మీకు రాత్రి ఎవరైనా షాపు దగ్గర కనిపిస్తే 112 కొట్టండి, మీ అన్నను ఒంటరిగా పోనివ్వకండి. షాపును రాత్రి బీట్‌లో కలపమని, బైకుల మీద గస్తీ తిరిగే బ్లూ కోల్ట్స్ పోలీసులు ఒకసారి చూసి పోయేటట్టు చూడమని ఫిర్యాదు ఇచ్చిన రోజే అడగండి. షాపు లోపల ఇస్త్రీ పెట్టె, గ్యాస్ స్టవ్ లాంటివి ఉంటే రాత్రి ఉంచొద్దు, కస్టమర్ల చీరలు కొన్నాళ్లు ఇంటికి తీసుకుపోండి.

వనపర్తి_అక్క:

పెద్దాయన చెప్పిన దానితో పాటు, వదినెను ఒక్కసారి సఖి సెంటర్‌కు (ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) తీసుకుపో తమ్ముడూ, 181కు ఫోన్ చేస్తే ఎక్కడుందో చెప్తారు. స్టేషన్‌కు తోడు కూడా వస్తారు, కూర్చోబెట్టి మాట్లాడతారు. మీరంతా ఎవరు చేశారు, ఎట్లా పట్టాలి అని తిరుగుతున్నారు, ఆమెను ఎవరైనా ఎట్లా ఉన్నావని అడిగారా? మా చెల్లె ఆ నాలుగు నెలలు ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. మాకు అది చాలా ఆలస్యంగా కనిపించింది.

డిండి_గట్టు:

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను, మన్నించండి.

ఫిర్యాదు ఇచ్చాం. మొదటి రోజు "ఖాతా బ్లాక్ చేసుకోండమ్మా" అని పంపించారు. రెండో రోజు సఖి నుంచి ఒక మేడం వెంట వచ్చింది, కోర్టుమెట్లు మేడం చెప్పినట్టు తేదీలు, టైములు, మూడు మెసేజ్‌లు వరుసగా రాసిన కాగితం ఇచ్చాం, తీసుకున్నారు. మహిళా ఎస్సై గారు వదినెతో గంటసేపు మాట్లాడారు. నేను లింక్ పంపిన సంగతి కూడా చెప్పాను, ఇంక అట్లాంటివి చేయొద్దన్నారు.

ఎదురుగా మెడికల్ షాపు కెమెరాలో శుక్రవారం తెల్లవారుజామున 5:10కి ఒక స్కూటీ ఆగడం, మనిషి దిగి షట్టర్ దగ్గరికి పోవడం ఉంది. మంకీ క్యాప్, మొహం కనిపించదు. డీవీఆర్ పోలీసులు తీసుకున్నారు. ఎవరో ఇంకా చెప్పలేదు, మేము కూడా అడగడం లేదు. ఒకటి మాత్రం తెలిసింది, అన్న అనుమానించిన పిల్లవాడు ఆ వారమంతా ఊళ్లోనే లేడు, వాళ్ల మేనత్త ఊరికి పోయాడు, అది వేరే పని మీద కలిసినప్పుడు వాళ్ల అక్కే చెప్పింది. అన్న ఆ మాట విని తల వంచుకొని కూర్చున్నాడు.

వదినె మళ్లీ ఎనిమిది దాకా షాపు తెరుస్తోంది, అన్న సాయంత్రం పోయి అక్కడే కూర్చుంటున్నాడు. కొత్త మెసేజ్‌లు రాలేదు. మెడికల్ షాపు ఆయన తన డీవీఆర్ ఎప్పుడు వస్తుందని అడుగుతున్నాడు, మా కోసం ఇచ్చాడు కదా, ఆయనకు ఏం చెప్పాలి?

మెట్టుగడ్డ_పెద్దాయన:

స్వాధీనం చేసుకున్నప్పుడు పంచనామా కాగితం రాస్తారు, ఆయన సంతకం కూడా తీసుకొని ఉంటారు, దాని కాపీ ఆయన దగ్గర ఉందో లేదో చూడండి. లేకపోతే అడిగి తీసుకోవాలి. సర్టిఫికెట్ మీద సంతకం కోసం ఆయనను ఇంకోసారి పిలవొచ్చు, దానికి భయపడొద్దని చెప్పండి. బాక్స్ తొందరగా కావాలంటే కాపీ తీసుకొని తిరిగి ఇవ్వమని కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు, కోర్టుమెట్లు మేడం దానికి నమూనా ఇస్తే బాగుంటుంది. అప్పటిదాకా ఆయనకు ఇంకో డీవీఆర్ మీరే పెట్టించండి, ఆ వీధిలో కెమెరా ఒక్క రాత్రి కూడా ఆగొద్దు.

కోర్టుమెట్లు_నల్లగొండ:

నమూనా ఇస్తాను. ఆయన పేరు, షాపు పేరు ఇక్కడ రాయకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టండి.